తేనెటీగలు: కృష్ణా మెట్ట సేద్యంలో వాటి పాత్ర, రక్షణ

తేనెటీగలు పూల మకరందాన్ని, పుప్పొడిని ఆహారంగా చేసుకొని, వాటితోనే పిల్లలను పెంచుకునే కీటకాలు. చీమలు, కందిరీగలు ఉన్న వర్గానికే చెందినప్పటికీ, వేటను విడిచి పూల మీదే బతకడం నేర్చిన శాఖ కావడం వల్ల వీటి ఒంటి నిర్మాణమంతా పూలకు తగినట్టుగా మారింది: పుప్పొడి అంటుకుపోయేలా కొసలు చీలిన నూగు, మకరందాన్ని పీల్చే పొడవాటి నాలుక, తేనె కూడబెట్టే జాతుల్లో వెనుక కాళ్ళకు పుప్పొడి ముద్దను మోసే బుట్టలాంటి పల్లం. ప్రపంచంలో ఇప్పటివరకు 20,000కు పైగా తేనెటీగ జాతులను శాస్త్రవేత్తలు గుర్తించగా, మనిషి తీసుకోగలిగినంత తేనెను దాచేవి వాటిలో అతి కొద్ది మాత్రమే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం నేల బొరియల్లో, ఎండు పుల్లల్లో, గోడ సందుల్లో ఒంటరిగా కాపురముంటూ, పట్టు కట్టకుండా, మనిషి కంట పెద్దగా పడకుండా పూల పని చేసుకుపోతుంటాయి. ఈ తేడాను ముందే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తేనెటీగల రక్షణ అనగానే తేనె పెట్టెలు పంచడమే అనుకోవడం అలవాటైపోయింది గాని, పంటకు జరిగే మేలులో పెట్టెలో లేని ఈగల వాటా చాలా పెద్దది. ప్రపంచవ్యాప్తంగా 41 పంట వ్యవస్థలను పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పెంపుడు తేనెటీగల రాకతో పోలిస్తే అడవి కీటకాల రాక వల్ల కాయ కట్టడం రెండింతలు ఎక్కువగా పెరిగినట్టు తేలింది.

పూర్వపు కృష్ణా జిల్లా పడమటి భాగమైన జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. మున్నేటి ఒడ్డున, హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న కీసర ఈ ప్రాంతపు ఊళ్ళలో ఒకటి. తూర్పున డెల్టా మాగాణిలో ఎక్కువగా వరి కాగా, నాగార్జునసాగర్ ఎడమ కాలువ, మున్నేరు, పాలేరు తడిపిన మేర తప్ప ఇక్కడి నేలలో ఎక్కువ భాగం వానను నమ్ముకున్న మెట్ట. నల్లరేగడిలో పత్తి, మిరప, కంది, పెసర, మినుము, మొక్కజొన్న పండుతాయి, కాగితపు మిల్లులకు వెళ్ళే సుబాబుల్ తోటలు మైళ్ళ తరబడి కనిపిస్తాయి. వరికి తేనెటీగతో పని లేదు. మెట్ట పంటల్లో చాలావాటికి ఉంది, మెట్టలోనే పురుగు మందు కూడా ఎక్కువగా పడుతుంది. ఈ రెండూ ఒకే చేలో, చాలాసార్లు ఒకే ఉదయం ఎదురుపడటంలోనే ఇక్కడి సమస్య అంతా ఉంది.

జాతులు, గూళ్ళు

ఇక్కడ తేనె కూడబెట్టే జాతుల్లో అతి పెద్దది కొండ తేనెటీగ. ఇది మర్రి, రావి వంటి ఎత్తైన చెట్ల కొమ్మలకు, కొండ చరియలకు, ఇప్పుడైతే నీటి ట్యాంకుల అడుగుకు, వంతెనల కిందికి ఒకే ఒక పెద్ద పెరను ఆరుబయట వేలాడదీస్తుంది. ఒక్కో పెర వెడల్పు మీటరు దాకా ఉండవచ్చు; ఒకే చెట్టు మీద పదుల కొద్దీ పెరలు పక్కపక్కనే కట్టడం ఈ జాతి అలవాటు. కందిరీగ దగ్గరికి వచ్చినప్పుడు పెర పైన ఉన్న వేలాది ఈగలు వరుసగా పొట్టలు పైకెత్తి దించుతాయి కాబట్టి పెర మీద నీటి అలలాంటి నల్లని అల ఒకటి పరుగెత్తి పోయినట్టు కనిపిస్తుంది. అది శత్రువును తికమక పెట్టే ఎత్తు. ఈ జాతిని పెట్టెలో పెంచడం సాధ్యం కాదు. పూత ఉన్న కాలంలో వచ్చి, పూత అయిపోగానే వంద కిలోమీటర్లు, అంతకు మించి కూడా వలస పోతుంది.

పుట్ట తేనెటీగ పేరులోనే దాని నివాసం ఉంది. చెదపుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాత గోడల సందుల్లో, వెలుతురు చొరని చోట ఒకదాని పక్కన ఒకటిగా అనేక పట్లు కడుతుంది. చీకటి గదుల్లాంటి పెట్టెకు అలవాటు పడేది కూడా అందుకే. ఈ మూడింటిలో చిన్నదైన చిన్న తేనెటీగ కంపల్లో, రేగు పొదల్లో, దానిమ్మ కొమ్మలకు అరచేయంత పట్టు ఒక్కటే కట్టుకుంటుంది. ఆ పట్టు దాదాపు కొమ్మను కౌగిలించుకున్నట్టు ఉంటుంది, దానికి రెండు పక్కలా కొమ్మ చుట్టూ చెట్ల బంకతో జిగురు పట్టీలు పూసి ఉంటాయి. చీమ ఆ పట్టీ దాటలేక అక్కడే చిక్కుకుపోతుంది. ఏటా గట్ల మీది కంపకు నిప్పు పెట్టినప్పుడు ముందుగా మాడిపోయేది ఈ జాతే.

మేత ఎక్కడుందో తోటి ఈగలకు చెప్పడానికి తేనెటీగలు పట్టు మీద తోక ఊపుతూ నడిచే నడకను ‘నృత్యం’ అంటారు. దాని అర్థాన్ని విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. పుట్ట తేనెటీగ చీకట్లో, నిలువు పట్టు మీద, సూర్యుడి దిక్కును పై దిక్కుగా లెక్కకట్టి దారి చెబుతుంది. చిన్న తేనెటీగకు ఆ లెక్క అక్కర లేదు. కొమ్మ మీద బల్లపరుపుగా ఉన్న పట్టు పై భాగాన నిలబడి, పూలున్న వైపే నేరుగా నడిచి చూపిస్తుంది.

గండు తుమ్మెదలు, ఆకులు కత్తిరించే ఈగలు, నేలలో గుంటలు తవ్వుకొనే ఈగలు ఒంటరి జాతులు. నల్లగా, బొటనవేలి గోరంత లావుగా ఉండే గండు తుమ్మెద వెదురు వాసాన్ని, ఎండు కొమ్మను దంతాలతో తొలిచి లోపల వరుస గదులు చేసి, ఒక్కో గదిలో పుప్పొడి ముద్ద ఒకటి, గుడ్డు ఒకటి పెట్టి మూసేస్తుంది. పూరింటి వాసం కింద నేల మీద రోజూ పోసినట్టు పడే సన్నని రంపపు పొట్టు దాని ఉనికికి గుర్తు. గులాబీ ఆకు అంచున, కంది ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రని ఖాళీ కనిపిస్తే అది తెగులు కాదు. ఆకులు కత్తిరించే ఈగ తన పిల్లల గదికి గోడ కోసం పట్టుకుపోయిన ముక్క. పూరిళ్ళు, మట్టి గోడలు పోయి డాబాలు వచ్చిన కొద్దీ ఈ ఈగలకు ఊళ్ళో ఇల్లు లేకుండా పోయిన సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

పూత, పిందె

ఒక పువ్వు కేసరాల మీది పుప్పొడి మరో పువ్వు కీలాగ్రానికి చేరడాన్ని పరపరాగ సంపర్కం అంటారు. తేనెటీగ ఈ పని కావాలని చేయదు. పిల్లల కోసం పుప్పొడి ఏరుకుంటూ పోయే తొందరలో ఒంటి నూగుకు అంటిన రేణువుల్లో కొన్ని తర్వాతి పువ్వు మీద రాలిపోతాయి. ఒక విడతలో ఒకే రకం పూలను పట్టుకొని తిరిగే అలవాటు ఉండటం వల్లే తేనెటీగ మిగతా కీటకాలకంటే నమ్మకమైన వాహకమైంది: దోస పూల మీద మొదలుపెట్టిన ఈగ ఆ విడతంతా దోస పూల మీదే తిరిగి గూటికి చేరుతుంది.

ప్రపంచపు ముఖ్య ఆహార పంటల రకాల్లో దాదాపు 75 శాతానికి జంతు పరాగ సంపర్కం ఎంతో కొంత తోడ్పడుతుందని తరచు చెబుతారు. అది నిజమే గాని, అదే విషయంపై 2016లో వెలువడిన అంతర్జాతీయ జీవవైవిధ్య వేదిక నివేదిక ప్రకారం ప్రపంచ పంట దిగుబడి పరిమాణంలో నేరుగా ఈ కీటకాల వల్ల వచ్చేది 5 నుంచి 8 శాతమే. వరి, మొక్కజొన్న, జొన్న గాలి వల్లనో, తమ సొంత పుప్పొడితోనో గింజ కడతాయి కాబట్టి ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి అడ్డు కావు. తేనెటీగలు పోతే మనిషికి మిగిలేది నాలుగేళ్ళే అని ఐన్‌స్టీన్ పేరు మీద తిరిగే మాటకు ఆధారం లేదు. తేనెటీగలు తగ్గితే కరువు రాదు; కంచంలో అన్నం ఉంటుంది, దాని పక్కన ఉండాల్సిన కూర, పండు, నూనె, పప్పు పలచబడతాయి. మేలు చెప్పడానికి అతిశయోక్తి అవసరం లేని కీటకం ఇది.

దోస, గుమ్మడి, కాకర, బీర, పుచ్చ తీగల్లో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. గుమ్మడి పువ్వు తెల్లవారకముందే విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఆ నాలుగైదు గంటల్లో ఈగ రాకపోతే ఆ ఆడ పువ్వు కింద ఉన్న పిందె పసుపు తిరిగి రాలిపోతుంది, వచ్చినా చాలినంత పుప్పొడి అందకపోతే కాయ ఒక పక్క ఊరి, మరో పక్క ఈడిగిలపడి వంకర తిరుగుతుంది. పెరటి దోస పాదు కింద రాలిన పిందెలను చూసి ఎరువు చాలలేదనో, తెగులు తగిలిందనో అనుకొని మందు కొట్టడం పరిపాటి. ఆ మందు వల్ల మర్నాడు రావలసిన ఈగలు కూడా రాకుండా పోతాయి.

వంగ, టమాటా పూలలో పుప్పొడి కేసరపు గొట్టాల లోపల ఉండి, కొసన ఉన్న సన్నని రంధ్రం గుండా మాత్రమే బయటికి వస్తుంది. గండు తుమ్మెద ఆ గొట్టాలను గట్టిగా కరిచి పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను అదిరించగా, ఉప్పుడబ్బాను తట్టినట్టు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది; ఎగిరేటప్పటి బొంగురు రొద ఆ క్షణంలో ఒక్కసారిగా సన్నని స్వరంగా మారడం చెట్టు దగ్గర నిలబడ్డవారికి వినిపిస్తుంది. తేనెటీగ పెట్టెలోని ఈగలకు ఈ విద్య రాదు. మెట్ట బీళ్ళలో బంగారు రంగున పూచే తంగేడులో మకరందం ఉండదు, పుప్పొడి కూడా ఈ అదురుతోనే రాలుతుంది. తంగేడు పొద ఉన్న బీడు వంగ తోటకు తుమ్మెదలను నిలిపి ఉంచే చోటని దీన్ని బట్టి అర్థమవుతుంది.

మెట్టకు ప్రాణమైన కందిలో తేనెటీగ చేసే పనికి తెలుగు నేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. కంది తన పుప్పొడితో కాయ కట్టగలదు గాని, తేనెటీగలు వాలే చోట ఒక మొక్క పుప్పొడి మరో మొక్కకు చేరడం కూడా గణనీయంగా జరుగుతుంది. 1972లో పటాన్‌చెరులో స్థాపించిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ లక్షణాన్నే ఆధారం చేసుకొని, అడవి కంది నుంచి తెచ్చిన గుణంతో పుప్పొడి పుట్టని ఆడ వరుసలను తయారుచేసి, నాలుగు ఆడ వరుసలకు ఒక మగ వరుస చొప్పున విత్తి, ఆ మధ్య దూరాన్ని దాటించే పనిని పూర్తిగా తేనెటీగలకు వదిలేశారు. అలా వచ్చిన సంకర కందుల్లో ఐసీపీహెచ్ 2671 రకం 2010లో మధ్యప్రదేశ్‌లో, ఐసీపీహెచ్ 2740 రకం ‘మన్నెంకొండ కంది’ పేరుతో 2015లో తెలంగాణలో విడుదలయ్యాయి. ఈగ రాని చేలో ఆడ వరుసకు ఒక్క కాయ కూడా రాదు.

ఇదే పని మనిషి చేతులతో చేయవలసి వస్తే ఎంత కష్టమో నడిగడ్డ, కర్నూలు ప్రాంతాల్లోని సంకర పత్తి విత్తన చేలు చూపిస్తాయి: సాయంత్రం కూలీలు మొగ్గ మొగ్గకూ కేసరాలు గిల్లి, మర్నాటి ఉదయం మగ పువ్వును తెచ్చి ఒక్కొక్కదానికీ అద్దాలి. పొద్దుతిరుగుడులో కూడా పూసిన వారం పదిరోజులపాటు, రోజు విడిచి రోజు, ఉదయం వేళ అరచేతికి మెత్తని గుడ్డ చుట్టుకొని పువ్వును నెమ్మదిగా రుద్దమని వ్యవసాయ శాఖ సిఫారసు చేస్తుంది. ఒక పువ్వుగా కనిపించేది నిజానికి వందలాది చిరుపూల గుంపు కావడం, సొంత పుప్పొడి సరిగా పట్టకపోవడం వల్ల ఈగలు తక్కువైతే పువ్వు మధ్యభాగమంతా తాలు గింజలే మిగులుతాయి. ఆ గుడ్డ తేనెటీగ కాళ్ళకు బదులు. పత్తి, మిరప, పెసర, మినుము ఈగ లేకపోయినా కాస్తాయి. అయినా ఈగలు తిరిగిన పత్తిలో, మిరపలో కాయకు గింజలు నిండుగా పడతాయి. మామిడి పూత మీద తేనెటీగలకంటే మామూలు ఈగల పనే ఎక్కువ.

ఏడాది మేత

తేనెటీగకు ఏ ఒక్క పంటా ఏడాదంతా తిండి పెట్టలేదు. మెట్టలో ఆగస్టు, సెప్టెంబరు నుంచి పత్తి, ఆ వెనుకే రేగు, చలి మొదలయ్యాక కంది, మిరప, ధనియాలు, సంక్రాంతి చుట్టూ మామిడి, తర్వాత నువ్వు, మార్చి ఏప్రిల్ నెలల్లో వేప, ఆ తర్వాత కానుగ, ఎండల చివర చింత పూస్తాయి. పంటలు ఖాళీ అయిన వేసవిలో ఈగల కుటుంబాన్ని బతికించేవి వేప, కానుగ, చింత చెట్లే. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే నందిగామ ప్రాంతంలో గూటిలోని పిల్లలను 35 డిగ్రీల దగ్గర నిలపడానికి కూలి ఈగలు నీరు తెచ్చి అరల మీద పలుచగా పూసి, రెక్కలతో విసురుతూ చల్లబరుస్తాయి. నీరు దొరకని గూడు ఆ ఎండకు నిలవదు. ఎడతెగని వానల రోజులు కూడా వీటికి పస్తులే. ఇలాంటి మేత కొరతలను దాటించడంలో చెట్లతో పాటు తోడ్పడేది గట్టు: తుమ్మి, ఉత్తరేణి, గడ్డిచామంతి వంటి, రైతు దృష్టిలో కలుపుగా తప్ప లెక్కకు రాని మొక్కలు. కలుపు తీయడానికి కూలీలు దొరకని కష్టం నిజమైనదే గాని, చేలో కొట్టవలసిన గడ్డి మందు గట్టు మీద కూడా పడటం మొదలయ్యాక ఈ ఆపద్ధర్మపు మేత చాలా ఊళ్ళలో పోయింది.

మందుల కాలం

మెట్టలో తేనెటీగకు అన్నిటికంటే పెద్ద ముప్పు పురుగు మందు. మొక్క వేళ్ళ నుంచో, ఆకు నుంచో లోపలికి ఇంకి, రసంతో పాటు మొక్క అంతటా పాకే అంతర్వాహిక మందుల్లో నియోనికోటినాయిడ్లు అనే తరగతికి చెందిన ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సామ్ వంటివాటిని పత్తి, మిరప చేలలో పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంకల మీద విరివిగా వాడతారు, పత్తి గింజకు ముందే పట్టించి కూడా అమ్ముతారు. రసంలో ఉన్న మందు కొద్ది మోతాదులో మకరందంలోకి, పుప్పొడిలోకి చేరుతుంది. పత్తికి పువ్వులోనే కాక ఆకు అడుగున, పూత కింది రక్షక పత్రాల మీద కూడా తేనె ఊరే గ్రంథులు ఉండటం వల్ల పూత లేనప్పుడు కూడా ఈగలు ఆ చేలోకి వస్తాయి. పూత రాలేదు కదా అని పగటి పూట కొట్టిన మందు వాటిని తాకుతుంది.

చనిపోయిన ఈగలు కనిపించకపోతే నష్టం లేదనుకోవడం పొరపాటు. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేనెటీగల వీపులకు అతి చిన్న రేడియో చిప్పులు అతికించి, చంపని మోతాదులో థయోమెథాక్సామ్ కలిపిన చక్కెర పానకం తాగించి వదిలినప్పుడు, వాటిలో చాలా ఈగలు దారి తప్పి గూటికి తిరిగి చేరలేదు. ఇలాంటి ఆధారాలను పరిశీలించిన ఐరోపా సమాఖ్య మూడు నియోనికోటినాయిడ్ల వాడకాన్ని 2013లో పరిమితం చేసి, 2018లో ఆరుబయలు పంటలన్నిటిలో నిషేధించింది.

2021–22 పంట కాలంలో ఆంధ్ర, తెలంగాణ మిరప చేలను నల్ల తామర పురుగు ముంచెత్తింది. మిగతా తామర పురుగులు ఆకుల మీద ఎక్కువగా కనిపిస్తే ఇది గుంపులు గుంపులుగా పువ్వు లోపలే తిష్ట వేసి, పూతంతా రాల్చేస్తుంది. పువ్వులో ఉన్న పురుగును చంపాలంటే పువ్వు మీదే మందు కొట్టాలి కాబట్టి, పూత దశలో మందు వద్దన్న పాత సలహాకు ఆ ఏడాది మిరప చేలో చోటు లేకుండా పోయింది. అప్పు తెచ్చి కౌలు కట్టిన రైతు ఒక మందు పని చేయకపోతే మరొకటి, అదీ చాలకపోతే రెండు కలిపి కొట్టిన పరిస్థితిని అతని అజాగ్రత్త కింద జమ కట్టడం న్యాయం కాదు. తామర పురుగులకు వాడే ఫిప్రోనిల్ తేనెటీగకు అతి ప్రమాదకరం. స్పైనోసాడ్ తడిగా ఉన్నంతసేపు అంతే ప్రమాదమైనా, ఆకు మీద ఆరిపోయాక దాని హాని బాగా తగ్గుతుంది.

మందు డబ్బా మీద ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులను చూసి ఏది ఎంత విషమో అంచనా వేయడం రైతులకు అలవాటే. ఆ రంగులు ప్రయోగశాలలో ఎలుకలపై చేసిన పరీక్షల ఆధారంగా మనిషికి, పశువుకు ఉండే ప్రమాదాన్ని సూచిస్తాయి. తేనెటీగ ఆ లెక్కలో లేదు. నీలి గుర్తు, ఆకుపచ్చ గుర్తు ఉన్న మందు కూడా ఈగల గుంపును తుడిచిపెట్టగలదు. తేనెటీగ గురించిన హెచ్చరిక డబ్బాతో వచ్చే మడత కాగితంలో, కంటికి ఆనని అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. దాన్ని డబ్బా ముఖం మీదికి తేవడం చట్టం చేయగల పనుల్లో అతి తేలికైనది.

పెంపకం

భారతదేశంలో పెట్టెల్లో పెంచేవి ప్రధానంగా రెండు జాతులు: పుట్ట తేనెటీగ, 1960లలో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో నిలదొక్కుకున్న ఐరోపా తేనెటీగ. రెండోది ఏటా పాతిక, ముప్పై కిలోల దాకా తేనె ఇస్తుంది, మొదటిదాని దిగుబడి పది కిలోలు మించడం అరుదు. అయితే మన ఎండకు, మన శత్రు కీటకాలకు తట్టుకోవడంలో పుట్ట తేనెటీగదే పైచేయి. 1991–92లో పిల్ల పురుగును నీటి సంచిలా మార్చి చంపే వైరస్ జబ్బు దక్షిణ భారతంలోని పుట్ట తేనెటీగ పెట్టెల్లో చాలా భాగాన్ని ఖాళీ చేయడంతో పెంపకందార్లు ఐరోపా ఈగ వైపు మళ్ళారు. పుణెలో 1962 నుంచి కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ పనిచేస్తోంది. 2020లో కేంద్రం 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రకటించింది. ఈ పథకాలు ఆదాయానికి మంచివే. మేత లేని, మందు ఆగని చోట వందల పెట్టెలు దింపితే మాత్రం ఉన్న కొద్దిపాటి పూలకు అడవి ఈగలతో పోటీ పెట్టినట్టవుతుంది, పెట్టెల్లోని జబ్బులు వాటికి సోకే వీలు కూడా ఉంటుంది.

రక్షణ

తేనెటీగలు పూల మీద ముమ్మరంగా ఉండేది ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా. తప్పనిసరిగా కొట్టవలసిన మందును సాయంత్రం నాలుగున్నర, ఐదు తర్వాత, ఈగలు గూళ్ళకు మళ్ళాక కొట్టడం ఖర్చు లేని మార్పు. రాత్రికి మందు ఆరుతుంది, ఆ రోజు పూసిన పత్తి పువ్వు ముడుచుకుపోతుంది. పొడి మందులకంటే నీటిలో కరిగే మందులు మేలు, ఎందుకంటే పొడి కూడా పుప్పొడిలాగే నూగుకు అంటుకొని గూటిలోని పిల్లల దాకా పోతుంది. పురుగు కనపడగానే కాక, అది చేసే నష్టం మందు ఖర్చును మించే దశకు చేరినప్పుడే మందు కొట్టడాన్ని ఆర్థిక నష్ట స్థాయిని పాటించడం అంటారు. పత్తి చుట్టూ ఆముదం, బంతి ఎర పంటలుగా వేయడం, మిరప చుట్టూ జొన్న, మొక్కజొన్న రెండు మూడు వరుసలు అడ్డుగా విత్తడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం ఆ స్థాయి త్వరగా రాకుండా చూస్తాయి. తామర పురుగు కోసం కట్టే నీలి జిగురు అట్టలు తేనెటీగలను కూడా లాగుతాయి కాబట్టి వాటిని అవసరానికి మించి, అవసరం తీరాక ఉంచకూడదు. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు కృషి విజ్ఞాన కేంద్రం జగ్గయ్యపేట మండలం గరికపాడులోనే ఉంది గనుక ఈ లెక్కలు అడగడానికి ఈ ప్రాంతపు రైతు దూరం పోనక్కర లేదు. రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రంలో నడుపుతున్న ప్రకృతి సేద్యంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి, పంటలో పంట వేసే పద్ధతి ఈగలకు కొరత కాలంలో పూలను అందిస్తాయి.

గట్టును వదిలేయడం, చేల చివర రెండు తంగేడు పొదలను, ఒక రేగును కొట్టకుండా ఉంచడం, ఉపాధి హామీ కింద రోడ్ల పక్కన నాటే మొక్కల్లో అలంకారపు జాతులకు బదులు కానుగ, వేప, చింత, నేరేడు ఎంచుకోవడం పంచాయతీ స్థాయిలో జరగగల పనులు. పెరట్లో వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్ళు పేర్చి, రాళ్ళు మునగనంత నీరు పోసి వేసవంతా ఉంచితే ఈగలు రాళ్ళ మీద వాలి, మునిగిపోకుండా తాగుతాయి. ఒంటరి ఈగల కోసం చేయవలసిందల్లా కొంత నేలను సిమెంటు వేయకుండా, తవ్వకుండా వదలడం, బోలుగా ఉండే వెదురు ముక్కలను ఒక మోపుగా కట్టి చూరు కింద వానకు తడవకుండా వేలాడదీయడం.

తేనె కోసం పట్టు కింద మంట పెట్టి పెరనంతా నరికేసే పద్ధతిలో పిల్లలు, రాణి ఈగ, రెక్కలు కాలిన వేలాది కూలి ఈగలు నశిస్తాయి. పెర పై భాగాన కొమ్మకు ఆనుకొని లావుగా ఉండేది మాత్రమే తేనె అర. కింది భాగమంతా పిల్లలు. సన్నని పొగతో ఈగలను పక్కకు జరిపి, తేనె అరను మాత్రమే కోసి తీసుకొని, పిల్లల భాగాన్ని వదిలితే ఆ కుటుంబం మళ్ళీ తేనె నింపుకుంటుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె కొనే మన్యం ఊళ్ళలో, విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే కోవెల్ ఫౌండేషన్ గిరిజన తేనె సేకర్తలకు ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చింది. బడి మీదనో, నీటి ట్యాంకు కిందనో పెర కట్టినప్పుడు రాయి విసరకుండా, కింద పొగ రాకుండా చూసి, పిల్లలను ఆ దారిన పోనీయకుండా కంచె కడితే చాలు. పూత కాలం దాటగానే అవి వాటంతట అవే వెళ్ళిపోతాయి. ఈగలు కమ్ముకుంటే చేతులు విసరక, ముఖం కప్పుకొని తలుపున్న గదిలోకి పరుగెత్తాలి, దిగిన కొండిని గోటితో గీరి తీసేయాలి, కుట్టిన చోట్లు పదుల్లో ఉన్నా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

కొండ తేనెటీగల వలస గురించి ఈశాన్య భారతంలో జన్యు పరీక్షల సాయంతో జరిగిన ఒక పరిశోధన 2000లో వెలువడింది. నెలల తరబడి ఎక్కడో గడిపి వచ్చిన గుంపులు, నిరుడు తాము విడిచి వెళ్ళిన అదే చోటికి, అదే రాణితో తిరిగి వచ్చినట్టు అందులో తేలింది. కూలి ఈగ బతికేది కొన్ని వారాలే కాబట్టి, తిరిగి వచ్చిన గుంపులో ఆ చెట్టును అంతకుముందు చూసిన కూలి ఈగ ఒక్కటీ మిగిలి ఉండే అవకాశం దాదాపు లేదు. దారి ఎలా తెలుస్తుందన్నది ఇంకా విడని చిక్కుముడి. అవి లేని నెలల్లో ఊరి మర్రి ఖాళీగా కనిపిస్తుంది, కొమ్మల అడుగున పాత పెరలు వేలాడిన చోట నల్లని మైనపు మచ్చలు మాత్రం ఉంటాయి. రోడ్డు వెడల్పు చేయడానికో, కట్టె కోసమో ఆ చెట్టుకు గొడ్డలి పడేటప్పుడు చూసుకోవలసిన గుర్తు ఆ మచ్చలే.